రాత్రి 2.40కి అడిగిన ప్రశ్నకు పొద్దున రాసిన జవాబు

ప్రశ్న ఇదీ: "తిరుపతిలో హాస్టల్లో ఉండి బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను మేడమ్. మాది పుంగనూరు పక్క పల్లె. సెమ్ పరీక్షలకు ఇంకా 18 రోజులుంది. రాత్రి మూడు గంటలు కూడా పడుకోవడం లేదు. అయినా మొన్న మిడ్‌లో పేపర్ చూడగానే బుర్ర అంతా ఖాళీ అయిపోయింది, చేతులు చల్లబడ్డాయి. అన్నం సహించడం లేదు. నాన్న రోజూ ఫోన్ చేసి ఎంతవరకు అయిందని అడుగుతాడు. ఒక్క సప్లీ పడినా ఆయన ముఖం చూడలేను. ఫ్రెండ్స్ ఒకరోజు అలిపిరి నుంచి నడిచి కొండకు పోదాం, మనసు తేలికపడుతుంది అంటున్నారు. స్ట్రెస్ తగ్గడానికి మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి."

అమ్మా, నీ ప్రశ్న పక్కన టైం చూశాను. రాత్రి 2.40. యాప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ 2.40 గురించి మాట్లాడుకోవాలి.

తిరుపతిలో నేను 26 ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. అందులో 11 ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని కూడా. వార్డెన్ పని అంటే గేటు తాళాలు, మెస్ గొడవలు అనుకుంటారు. పరీక్షలొచ్చాయంటే అసలు పని అర్ధరాత్రి వరండాల్లో తిరగడమే. ఒకసారి అలా తిరుగుతుంటే రెండో అంతస్తు మెట్ల మీద ట్యూబ్‌లైట్ కింద ఒకమ్మాయి కనిపించింది. భుజాల మీద దుప్పటి, పక్కన స్టీలు గ్లాసులో మీగడ కట్టిన టీ, ఒళ్ళో పుస్తకం. పేజీ నిండా పచ్చ, గులాబీ, పసుపు రంగు గీతలు. గీతలు లేని చోటే తక్కువ. ఎంతసేపటి నుంచి కూర్చున్నావంటే పన్నెండు నుంచి అంది. అప్పుడు మూడు కావస్తోంది. నేను పుస్తకం తీసుకుని, పేజీలో వేలు పెట్టి మూసి, "ఇందులో ఏముందో చెప్పు" అన్నాను. హెడ్డింగు చెప్పింది. తర్వాత ఆగిపోయింది. కాసేపటికి, "ఎడమవైపు పైన బొమ్మ ఉంటుంది మేడమ్" అంది. బొమ్మ ఎక్కడుందో తెలుసు. ఆ బొమ్మ దేని గురించో తెలియదు. మూడు గంటల చదువుకు మిగిలింది అంతే. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నీకు జరుగుతున్నదీ ఇదే అని నా అనుమానం. చదివిందే నాలుగోసారి చదువుతుంటే కళ్ళకు అలవాటైపోతుంది. అలవాటైంది కాబట్టి వచ్చేసింది అనిపిస్తుంది. కానీ మనసులో ఒక మూల మాత్రం తెలుస్తూనే ఉంటుంది, ఇది నిజంగా వచ్చిందో లేదో నాకు తెలియదు అని. నువ్వు టెన్షన్ అంటున్నదాంట్లో సగానికి సగం ఆ మూల నుంచే వస్తుంది. పరీక్ష భయం కన్నా, నీకేం వచ్చో నీకే తెలియకపోవడం ఎక్కువ భయం. పాటలు విన్నా, కళ్ళు మూసుకుని కూర్చున్నా ఆ భయం పోదు. పుస్తకం మూసి చూసుకుంటేనే పోతుంది.

ఇది వార్డెన్ సొంత పైత్యం కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లల మీద పరీక్షించి చూశారు. అందరూ ఒక పాఠం ఒకసారి చదివారు. తర్వాత కొందరు దాన్నే మళ్ళీ చదివారు, కొందరు పాఠం పక్కన పెట్టి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే కాస్త మెరుగు. వారం తర్వాత అడిగితే తిరగబడింది. చూడకుండా రాసినవాళ్ళకు సుమారు 56 శాతం గుర్తుంది, మళ్ళీ చదివినవాళ్ళకు 42 శాతమే. నీ పరీక్ష అయిదు నిమిషాల్లో లేదు కదా, 18 రోజుల్లో ఉంది.

అందుకని రేపటి నుంచి ఇలా చెయ్యి. ఒక టాపిక్ నలభై నిమిషాలు చదువు. పుస్తకం మూసెయ్. ఒక తెల్లకాగితం తీసుకుని గుర్తున్నదంతా గిలికెయ్. చక్కగా రాయనక్కర్లేదు, నీకు అర్థమైతే చాలు. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసింది మాత్రం ఎర్ర పెన్నుతో ఆ కాగితం మీదే చేర్చు. రెండ్రోజుల తర్వాత ఎర్రగా రాసింది మాత్రం మళ్ళీ అడుక్కో. మొదటి రోజు కాగితం చూస్తే ఏడుపొస్తుంది, చెబుతున్నాను ముందే. నాలుగు లైన్లు కూడా రావు. కానీ ఆ ఏడుపు ఇప్పుడు రావడం మంచిది, హాల్లో వచ్చేకన్నా. మూడో రోజుకి కాగితం నిండుతుంటే కలిగే ధైర్యం ఏ కౌన్సెలర్ మాటలతోనూ రాదు. రూమ్మేట్ ఉంటే ఇంకా మంచిది. ఆమెకు నువ్వు, నీకు ఆమె అప్పజెప్పుకోండి. మా చిన్నప్పుడు అప్పజెప్పడం అనేది బడిలో రోజూ ఉండేది. ఇప్పుడు ఆ మాటే పోయింది.

ఇక నిద్ర. పరీక్షలొచ్చాయంటే పిల్లలు మొట్టమొదట కోత పెట్టేది దీనికే. నీ వయసుకు ఏడు నుంచి తొమ్మిది గంటలు కావాలి. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. పడుకోకపోతే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి మంట పెట్టడం మర్చిపోయినట్టే. ఇంకో మాట చెబుతాను, ఇది విని మా హాస్టల్ పిల్లలు నవ్వేవాళ్ళు. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితనంతో సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియాలో తేల్చారు. పొద్దున ఆరుకి లేచావనుకో, రాత్రి పదకొండుకే ఆ స్థితి. అక్కడి నుంచి 2.40 దాకా చదవడం అంటే తాగి చదవడమే. తెల్లారి అలాగే పోయి రాస్తే తాగి పరీక్ష రాయడమే. మీ నాన్నకి ఈ సంగతి ఇలా చెప్పి చూడు, ఆయనే లైటార్పమంటాడు.

కానీ మూడు గంటలు పడుకునే మనిషిని ఇవాళ్టి నుంచి ఏడు గంటలు పడుకో అంటే పడుకోలేదు. మంచం మీద దొర్లుతుంది. కాబట్టి మెల్లగా జరుపు. ఇవాళ ఒంటిగంటకు పడుకో, ఎల్లుండికి పన్నెండు, వారం లోపల పదకొండు. లేచే టైం మాత్రం రోజూ ఒకటే ఉంచు, ఆరంటే ఆరు. లేవగానే వెలుతురులోకి రా. మేడ మీదకి పోయి పది నిమిషాలు నిలబడినా చాలు, ఎదురుగా కొండ ఎలాగూ ఉంది. మధ్యాహ్నం కునుకు తియ్యాలనిపిస్తే ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకుని. మన తిరుపతి ఎండల్లో భోజనం చేసి పడుకుంటే సాయంత్రం అయిదుకి గానీ మెలకువ రాదు, ఆ తర్వాత రాత్రి నిద్ర పట్టదు. ఫోన్ దిండు కింద పెట్టుకోవద్దు. అలారానికి నూట యాభై రూపాయల గడియారం కొనుక్కో, ఫోన్ రూమ్మేట్ బీరువాలో పెట్టించు. రాత్రి పదకొండుకి గ్రూపులో ఎవరో "నాకు అయిదు యూనిట్లూ అయిపోయాయి" అని పెడతారు. అది ఎప్పుడూ నిజం కాదు. నిజమైనా నీకు పనికొచ్చే విషయం కాదు.

టీ గురించి కెమిస్ట్రీ మేడమ్‌గా ఒక మాట. హాఫ్ లైఫ్ అని ఇంటర్లో చదువుకున్నావు కదా. కెఫీన్‌కి మన ఒంట్లో అది దాదాపు అయిదు గంటలు. రాత్రి తొమ్మిదికి కాఫీ తాగితే తెల్లవారుజామున రెండుకి కూడా సగం నీ రక్తంలోనే తిరుగుతుంటుంది. అప్పుడు గుండె దడదడలాడితే అది పరీక్ష భయమో, కాఫీయో నీకే తెలియదు. గుండె కొట్టుకుంటోంది కాబట్టి భయపడుతున్నాను అనుకుంటావు. సాయంత్రం నాలుగు తర్వాత మానెయ్. మా పిల్లల్లో చాలామందికి ఈ ఒక్కటి మార్చాకే సగం "టెన్షన్" తగ్గింది.

అన్నం సహించకపోవడం మామూలే. భయపడినప్పుడు శరీరం రక్తాన్ని కాళ్ళూ చేతుల కండరాలకు పంపించి పొట్ట పని పక్కన పెడుతుంది. అందుకే పళ్ళెం నిండా వడ్డించుకుంటే ముద్ద దిగదు. కొంచెం కొంచెంగా, నాలుగైదు సార్లు తిను. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, అరటిపండు, మజ్జిగలో కలిపిన రాగి అంబలి ఉంటే అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఇంటి నుంచి రాగిపిండి తెప్పించుకుని మెస్‌లో వంటామెను మంచిగా అడిగితే కాచి ఇస్తుంది, పరీక్షలప్పుడు ఆవిడక్కూడా జాలి ఉంటుంది. రాత్రిపూట బండి మీద నూడుల్స్ మాత్రం ఈ 18 రోజులు వద్దు. నూడుల్స్ మీద నాకేం పగ లేదు. పరీక్ష ముందురోజు విరేచనాలు పట్టుకుని గ్లూకోజ్ ఎక్కించుకున్న పిల్లల్ని ఎంతమందిని ఆటోలో తీసుకుపోయానో నాకే లెక్క లేదు. పరీక్షరోజు పొద్దున రెండిడ్లీలు గానీ పెరుగన్నం గానీ, కొత్తవేవీ వద్దు. పక్కన నీళ్ళ సీసా.

ఆడపిల్లవి కాబట్టి ఇదీ చెప్పాలి. పరీక్షల తేదీల్లో నెలసరి వస్తుందని మందుల షాపులో అడిగి వాయిదా మాత్రలు కొనుక్కుని మింగేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. డాక్టర్‌ని అడగకుండా ఆ పని చెయ్యొద్దు. కడుపు తిప్పడం, తలనొప్పి, మనసు బాగుండకపోవడం వీటితో వచ్చే ఇబ్బందులే. పోయి పోయి ఆ వారమే అవన్నీ ఎందుకు? నొప్పి ఎక్కువుంటే డాక్టర్‌ని అడిగి దానికి మాత్ర ముందే రాయించుకో, వేడినీళ్ళ సంచి పెట్టుకో.

హాల్లో ఖాళీ అయిపోవడం గురించి. ఇన్విజిలేషన్‌లో నేను ఇది ఎన్నోసార్లు చూశాను. పేపర్ ఇచ్చిన రెండు నిమిషాలకే కొందరి ముఖం తెల్లబడుతుంది. పెన్ను పట్టుకున్న వేళ్ళ చివర్లు పాలిపోతాయి, హాల్ టికెట్ చెమటకు తడిసి బెంచికి అంటుకుంటుంది. చదివింది ఎక్కడికీ పోలేదు. భయం ఎక్కువైనప్పుడు బుర్ర అపాయం నుంచి తప్పించుకునే పనిలో పడి, జ్ఞాపకాలు వెతికే పనికి సెలవిస్తుంది. దాన్ని వెనక్కి పిలవడానికి శ్వాస ఒక్కటే మన చేతిలో ఉన్న తాడు. నాలుగు లెక్కపెడుతూ పీల్చు, ఏడు లెక్కపెడుతూ వదులు. వదలడం పొడుగ్గా ఉండాలి, కిటుకంతా అక్కడే. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, వేగస్ అనే నరం ఆ పని చేస్తుంది. ఒక ఎనిమిది సార్లు చెయ్యి, ఒకటిన్నర నిమిషం. మూడు గంటల పరీక్షలో అదేం పెద్ద నష్టం కాదు. కానీ దీన్ని మొదటిసారి హాల్లో చేస్తే పని చెయ్యదు. ఇవాళ్టి నుంచి ఆ తెల్లకాగితం మీద రాయబోయే ముందు ప్రతిసారీ చెయ్యి. అప్పుడు హాల్లో అది అలవాటైన పనిలా నడుస్తుంది.

తర్వాత మొదటి ప్రశ్నతోనే మొదలుపెట్టాలని ఏ యూనివర్సిటీ రూలూ లేదు. బాగా వచ్చిన చిన్న ప్రశ్న ఒకటి ముందు రాసెయ్. చెయ్యి కదిలితే మిగతావి వాటంతట అవే వస్తాయి. ఇంకో చిట్కా ఉంది. 2011లో రమీరెజ్, బైలాక్ అనేవాళ్ళు సైన్స్ పత్రికలో రాశారు. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలన్నీ కాగితం మీద పెట్టిన పిల్లలు మెరుగ్గా రాశారట, ముఖ్యంగా ఎక్కువ భయపడేవాళ్ళు. మా హాస్టల్లో ఇద్దరు ముగ్గురితో చేయించాను. ఒకమ్మాయి "ఫెయిలైతే మా అత్త నవ్వుతుంది" అని ఒకే ఒక్క వాక్యం రాసి, చదువుకుని, తనే పకపకా నవ్వింది. రాసి చింపేసి లోపలికి పో. ఎవరికీ చూపించక్కర్లేదు. పరీక్షయ్యాక గేటు దగ్గర "ఆ బిట్‌కి ఏం పెట్టావే" అని మూగే గుంపులో మాత్రం నిలబడకు. తలనొప్పిగా ఉందని చెప్పి రూముకి వచ్చెయ్.

అలిపిరి సంగతి. వద్దు అనను, స్వామి దగ్గరికి పోవద్దని చెప్పడానికి నేనెవరిని? పైగా తిరుపతిలో 26 ఏళ్ళు ఉన్నాను. కానీ లెక్క చూసుకో. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర ఎంతటివాళ్ళూ కూర్చుని లేస్తారు. రానూ పోనూ, దర్శనం లైను కలిపితే ఒక రోజు దాటిపోతుంది, తర్వాత రెండ్రోజులు పిక్కలు పట్టేసి హాస్టల్ మెట్లు దిగేటప్పుడు పక్కవాళ్ళని పట్టుకోవాలి. మొక్కు ఉంటే పరీక్షలయ్యాక తీర్చుకో, స్వామి ఎక్కడికీ పోడు. ఈలోగా మనసు బాగుండాలంటే సాయంత్రం అరగంట నడువు. యూనివర్సిటీ వైపు చెట్ల కింద ఆ వేళకు ఊళ్ళో సగం మంది నడుస్తుంటారు, నువ్వూ కలువు. మరీ దేవుడి దగ్గర కూర్చోవాలనిపిస్తే కపిలతీర్థం ఉంది, గంటలో పోయి రావచ్చు. నడిచేటప్పుడు చెవుల్లో పాఠం పెట్టుకోకు. ఆ అరగంట నీది.

యాప్ అడిగావు. నాకు ఏ యాప్ మీదా కోపం లేదు, అలవాటు ఉన్నవాళ్ళు వాడుకోవచ్చు. కానీ నీ ఫోన్ తెరిస్తే ఆ యాప్ ఒక్కటే ఉండదు కదా.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పరీక్షల భయం పరీక్ష రాగానే కాస్త, అయిపోగానే ఇంకాస్త తగ్గాలి. అలా కాకుండా రెండు వారాలుగా ఏ పనీ రుచించకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా, నేను లేకపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది చదువు చిట్కాలతో పోయేది కాదు. 14416 కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులు లేవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీకి పోవచ్చు. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు ముగ్గురిని అలా తీసుకెళ్ళాను. ముగ్గురూ డిగ్రీ పూర్తి చేశారు. ఒకావిడ ఇప్పుడు మదనపల్లె దగ్గర టీచరు. "పిచ్చి డాక్టర్ దగ్గరికి పోయింది" అని పక్క రూమువాళ్ళు అంటే అననీ.

మీ నాన్న ఫోన్ గురించి. ఆయనకు యూనిట్లంటే ఏమిటో తెలియదు, నీతో ఏం మాట్లాడాలో తెలియక అడుగుతున్నాడు. నువ్వే ఒక టైం పెట్టు. "నాన్నా, రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు భోంచేశాక నేనే చేస్తాను" అని చెప్పు. చేసినప్పుడు నువ్వే ముందు ఆవుల గురించి, టమాటా రేటు గురించి అడుగు. ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. "ఎంతవరకు అయింది" అంటే అబద్ధం చెప్పకు, "ఇవాళ రెండు టాపిక్కులు చూడకుండా రాశాను" అను. నిజం కాబట్టి నీకూ భారం ఉండదు. మిడ్‌లో జరిగింది కూడా చెప్పెయ్. దాచిపెట్టిన మార్కులు లోపల కూర్చుని బరువు పెరుగుతుంటాయి.

ఇక ఆ ముఖం చూడలేను అన్న మాట. ఇది నేను ఎవరికీ పెద్దగా చెప్పను. 1986లో డిగ్రీ రెండో సంవత్సరం నేను ఒక పేపరు తప్పాను. ఏదో కాదు, ఫిజికల్ కెమిస్ట్రీ. ముందురోజు రాత్రంతా కూర్చుని, తెల్లవారి హాల్లో సగంలో తల బెంచి మీద ఆనించి నిద్రపోయాను. ఇన్విజిలేటర్ లేపేటప్పటికి ముప్పావుగంట పోయింది. రిజల్ట్ వచ్చిన రోజు మా నాయన చిత్తూరు బెల్లం మండీకి సరుకు వేసి ఇంటికొచ్చాడు. చేతులకింకా బెల్లం జిగురు. నేను తలుపు వెనక నిలబడి చెప్పాను.

"ఒగటేనా పోయింది?" అన్నాడు.

"ఒకటే."

"మిగతావన్నీ వచ్చినట్టే గదా. అన్నం తిన్న్యావా?"

తినలేదన్నాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, మా అమ్మను పిలిచి ఇద్దరికీ వడ్డించమన్నాడు. ఆ పేపరు గురించి మళ్ళీ అడగలేదు. సెప్టెంబర్ పరీక్షల ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు మాత్రం వచ్చి, నేను అడక్కుండానే లాంతరు తీసుకుపోయాడు.